గేమ్ తీసేయమని తెచ్చిన ఫోన్

పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్నే మా వీధి చివరింటి అతను వచ్చాడు. చేతిలో కొడుకు ఫోన్ ఉంది. వరసకి నాకు తమ్ముడవుతాడు. కొబ్బరి దింపు పనులు చేయిస్తుంటాడు, అందరితో కలుపుగోలుగా ఉండే మనిషి. ఆ రోజు మాత్రం మొహంలో నెత్తురు చుక్క లేదు. అరుగు మీద కూర్చుని, "అన్నయ్యా, నీకు కంప్యూటర్లు తెలుసు కదా, ఇందులో ఆ ఫ్రీ ఫైర్ అనేదాన్ని మళ్ళీ రాకుండా తీసెయ్" అన్నాడు.

సంగతి అప్పటికే ఊరంతా తెలుసు. పదో తరగతి చదివే వాళ్ళబ్బాయి శుక్రవారం సాయంత్రం బడి వదిలాక సైకిల్ స్టాండ్ దగ్గర తోటి కుర్రాణ్ణి స్టీలు వాటర్ బాటిల్‌తో మొహం మీద కొట్టాడు. కనుబొమ పైన నాలుగు కుట్లు పడ్డాయి. ఇంకో అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. శనివారం బళ్ళో రెండు వైపుల పెద్దవాళ్ళనీ పిలిచి మాట్లాడారు. ఫోన్లో ఆ చంపుకునే ఆటలు ఆడి ఆడి పిల్లలు ఇలా తయారవుతున్నారని తేల్చారు. రెండు కుటుంబాలూ తలూపాయి. కొట్టిన కుర్రాడు కూడా తలూపాడట.

ఆ ఆఖరి మాట దగ్గర నాకు గొంతు పట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి పంచాయతీలోనే నేనూ తలూపాను. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

2003లో రాజోలు దగ్గర మా ఊరి మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటర్ పెట్టాను. ఆరు సిస్టమ్స్‌తో మొదలుపెట్టి పదికి పెంచాను. పగలంతా ఎంసెట్ రిజల్ట్స్, హాల్ టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు. మధ్యాహ్నం పూట కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పనిచేస్తున్న అమ్మలతో మాట్లాడుకోవడానికి పిల్లలు వచ్చేవాళ్ళు. మా కోనసీమలో అలాంటి ఇళ్ళు వీధికి రెండు మూడు ఉంటాయి. ఆ పిల్లలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏమీ మాట్లాడకుండా వింటూ కూర్చునేవాళ్ళు. టైమ్ అయిపోతోందని నేను చెప్పలేకపోయేవాణ్ణి.

సాయంత్రం ఐదు దాటితే సెంటర్ కుర్రాళ్ళది. రోడ్ రాష్, వైస్ సిటీ, అన్నిటికంటే ఎక్కువగా కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట. గంటకి 20 రూపాయలు. పది సిస్టమ్స్‌నీ కేబుల్స్‌తో కలిపేసి ఐదుగురు ఒక వైపు, ఐదుగురు ఇంకో వైపు. కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటుంటే "సేవ్ చెయ్ సేవ్ చెయ్" అని అరుపులు, కౌంటర్ స్ట్రైక్‌లో సేవ్ చేసేదేమీ ఉండదని తెలిసినా సరే.

ఆ సెంటర్లో నేను చూసిన ఒక విషయం ఇప్పటికీ నా మనసులో ఉంది. మా ఊళ్ళో రెండు పేటల కుర్రాళ్ళు ఒకే టీ బడ్డీ దగ్గర పక్కపక్కన నిలబడేవాళ్ళు కాదు. క్రికెట్ టీములు కూడా పేటని బట్టే ఉండేవి. అలాంటిది నా దగ్గర మాత్రం టీమ్ ఎవడు బాగా ఆడతాడన్నదాన్ని బట్టి కుదిరేది. ఒకడికి స్నైపర్ గురి బాగుంటుంది, ఇంకొకడికి మ్యాపంతా నోటికి వచ్చు. కావాల్సింది ఆ ఇద్దరూ ఒకే వైపు ఉండడం. వాళ్ళు ఏ పేట వాళ్ళన్నది ఆ గంట సేపు ఎవరూ అడగలేదు. కంప్యూటర్ తెర మీద ఎవడెవణ్ణి ఎన్నిసార్లు కాల్చాడో లెక్కే లేదు. నా పది కుర్చీల్లో మాత్రం తొమ్మిదేళ్ళలో ఒక్క కుర్చీ కూడా ఎవరి మీదకీ లేవలేదు.

2006 వేసవిలో ఒక రాత్రి, ఎనిమిదిన్నర ప్రాంతంలో, ఇంటర్ చదివే ఒక కుర్రాడు ఆడుతున్నాడు. ఆ పూట టీమ్‌కి చెప్పేవాడు రెండో పేట కుర్రాడు. వయసులో ఏడాది చిన్న, ఆటలో అందరికంటే పెద్ద. "నువ్వు ఎడమ వైపు వెళ్ళు, నేను చెప్పేదాకా కదలకు" అంటున్నాడు. ఇతను వింటున్నాడు. ఇద్దరూ బాగా ఆడుతున్నారు. అప్పుడు ఇతని అన్నయ్య, పెళ్ళయిన మనిషి, తమ్ముణ్ణి అన్నానికి పిలవడానికి లోపలికి వచ్చాడు. ఓ నిమిషం వెనక నిలబడి చూశాడు. తర్వాత అందరూ వినేట్టు, "ఆ పేటోడు చెప్తే నువ్వు చేస్తున్నావా? సిగ్గు లేదూ?" అన్నాడు.

పది మందీ తెరల వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ కుర్రాడు ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న పంటకాలువ గట్టు పక్క ఖాళీ స్థలంలో, తనకి రాత్రి దాకా టీమ్ లీడర్‌గా ఉన్నవాణ్ణి క్రికెట్ వికెట్‌తో కొట్టాడు. కుడి చెయ్యి విరిగింది.

కానిస్టేబుల్ వచ్చి నా రిజిస్టర్ పట్టుకెళ్ళాడు. సాయంత్రం పంచాయతీ ఆఫీసు దగ్గర పెద్దలు కూర్చున్నారు. నెట్ సెంటర్లో తుపాకుల ఆటలు పెట్టి పిల్లల్ని పాడు చేస్తున్నానని అన్నారు. నన్ను నిలబెట్టి, "ఏమయ్యా, రాత్రి ఆటలోనేనా గొడవ మొదలైంది?" అని అడిగారు. కొట్టినవాడి అన్నయ్య నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చెయ్యి విరిగిన కుర్రాడి తండ్రి చివర్లో నిలబడి ఉన్నాడు. నేను, "ఆయ్, ఆటలోనేనండి" అన్నాను.

పదిహేను రోజులు షాపు మూయించారు. ఆసుపత్రి ఖర్చు కొట్టినవాళ్ళు పెట్టుకున్నారు. గేమ్స్ తీసేస్తానని నాతో కాగితం రాయించుకున్నారు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇళ్ళకి వెళ్ళారు. నేను కూడా. నిజం చెప్పి ఉంటే ఆ రాత్రి ఊళ్ళో ఎవరూ సరిగ్గా నిద్రపోయేవాళ్ళు కాదు. నాకు సగం మంది కస్టమర్లు పోయేవాళ్ళు. గేమ్ మీద పెడితే ఎవరికీ నష్టం లేదు. దానికి కులం లేదు, పేట లేదు, మన ఊళ్ళో ఓటు లేదు, ఎదురు తిరిగి మాట్లాడే నోరూ లేదు.

ఇలా తప్పించుకోవడం మా ఊరి పెద్దలు కనిపెట్టిన పద్ధతేమీ కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది. అమెరికాలో ఇది చాలా పాత సంగతి. 1954లో కామిక్ పుస్తకాలు పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని అక్కడి సెనేట్ విచారణ జరిపింది. 1976లో డెత్ రేస్ అనే కాయిన్ వేసి ఆడే ఆట మీద గోల లేచింది. తెర మీద తెల్ల గీతల్లా కనిపించే బొమ్మల్ని కారుతో గుద్దడమే ఆ ఆట. 1993లో మోర్టల్ కాంబాట్ అనే కొట్లాట ఆట మీద మళ్ళీ సెనేట్ విచారణ, దాని తర్వాత 1994లో ఆటలకి వయసు రేటింగ్‌లు వచ్చాయి. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 13 మందిని చంపినప్పుడు, వాళ్ళు డూమ్ అనే తుపాకుల ఆట ఆడేవాళ్ళన్న మాట ప్రపంచమంతా పాకింది. వాళ్ళకి తుపాకులు అంత సులువుగా ఎలా దొరికాయన్న ప్రశ్నకి అంత చోటు దొరకలేదు.

2007లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఉదంతం చదివినప్పుడు నాకు మా పంచాయతీ ఆఫీసే గుర్తొచ్చింది. ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. శవాలు ఇంకా లెక్కపెడుతుండగానే టీవీల్లో కొందరు ఇది వీడియో గేమ్‌ల పని అన్నారు. తీరా చూస్తే, అతనితో కలిసి ఉన్న కుర్రాళ్ళు అతను గేమ్ ఆడగా తాము చూడనే లేదని చెప్పారు. అతనికి ఎన్నో ఏళ్ళుగా మానసిక వైద్యం అవసరమని తెలిసినవాళ్ళు చుట్టూ ఉన్నారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరలేదు. విచారణ కమిటీ నివేదికలో నిజంగా గుండె పిండేసే భాగం అది.

కాలిఫోర్నియా రాష్ట్రం హింస ఉన్న ఆటల్ని పిల్లలకి అమ్మకూడదని చట్టం చేస్తే, 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 తేడాతో దాన్ని కొట్టేసింది. ఆ ఆటల వల్లే పిల్లలు హింసకి దిగుతారని మీరు చూపించిన అధ్యయనాలు రుజువు చెయ్యడం లేదని మెజారిటీ తీర్పు చెప్పింది.

మరి అధ్యయనాలు ఏమంటున్నాయి? ఇక్కడ నేను నా వైపు వాదనకి పనికొచ్చేవి మాత్రమే ఏరుకుని చెప్తే అది కూడా అబద్ధమే అవుతుంది. క్రెయిగ్ ఆండర్సన్ లాంటి పరిశోధకులు హింస ఉన్న ఆటలకీ దూకుడుకీ సంబంధం ఉందని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కూడా అరవడం, తోసెయ్యడం లాంటి చిన్నపాటి దూకుడుతో కొంచెం సంబంధం కనిపిస్తోందని అంటుంది. కానీ అదే సంస్థ 2020లో స్పష్టంగా చెప్పింది: ప్రాణాల మీదకి వచ్చే హింసకి వీడియో గేమ్‌లే కారణమనడానికి తగినంత ఆధారం లేదు, అలా అంటే అసలు కారణాల మీద నుంచి దృష్టి మళ్ళిపోతుంది. 2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ షిబిల్‌స్కీ బృందం బ్రిటన్‌లో 14, 15 ఏళ్ళ పిల్లల్ని వెయ్యి మందికి పైగా పరిశీలించింది. ఆ పని చేసిన తీరు నాకు నచ్చింది. ఆటలో ఎంత హింస ఉందన్నది పిల్లల నోటి మాటగా తీసుకోకుండా అధికారిక రేటింగ్ చూశారు. పిల్లాడి ప్రవర్తన ఎలా ఉందన్నది తల్లిదండ్రుల్ని అడిగారు. రెండింటికీ సంబంధం కనిపించలేదు.

ఇంకా పాత ప్రయోగం ఒకటుంది. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా నర్సరీ బడి పిల్లలు 72 మందితో చేశాడు. గాలి నింపిన ఒక పెద్ద బొమ్మని కొంతమంది పిల్లల ఎదుట ఒక పెద్ద మనిషి సుత్తితో కొట్టి, తన్ని, తిట్టాడు. తర్వాత ఆ పిల్లల్ని అదే బొమ్మ దగ్గర వదిలితే పెద్దవాళ్ళు ఎలా కొట్టారో అలాగే కొట్టారు, అవే మాటలతో తిట్టారు. దీన్ని టీవీకీ గేమ్‌లకీ వ్యతిరేకంగా చాలామంది వాడుకుంటారు. నాకు మాత్రం అందులో మొదట కనిపించేది ఆ గదిలో నిలబడ్డ పెద్ద మనిషి. నెట్ సెంటర్లోకి అన్నానికి పిలవడానికి వచ్చిన ఆ అన్నయ్య.

మన దేశంలో కూడా ఇదే వరస నడిచింది. 2017లో బ్లూ వేల్, అంటే నీలి తిమింగలం, అనే ఆన్‌లైన్ ఆట పిల్లల చేత ప్రాణాలు తీయిస్తోందని ప్రచారం జరిగి, ఆ పేరు వింటేనే తల్లిదండ్రులు వణికిపోయారు. ఎక్కడ పిల్లాడు ప్రాణం తీసుకున్నా బ్లూ వేల్ అన్నారు. మా ఊళ్ళో అమ్మలు పిల్లల చేతుల మీద గీతలున్నాయేమో వెతికారు. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది ఏమిటంటే, దర్యాప్తులో ఏ ఒక్క మరణానికీ ఆ ఆటతో సంబంధం రుజువు కాలేదని. ఆ వార్త ఎంతమంది చదివారు? చనిపోయిన పిల్లలు ఏ బాధతో చనిపోయారో తెలుసుకోవాల్సిన సమయమంతా తిమింగలాన్ని వెతకడంతో గడిచిపోయింది. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పబ్‌జీ ఆడుతున్నారని పోలీసులు కాలేజీ కుర్రాళ్ళని అరెస్టు చేశారు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించింది, వాటిలో పబ్‌జీ మొబైల్ కూడా ఉంది. అది చైనాతో సరిహద్దు గొడవ, డేటా భద్రత కారణంగా చేసిన పని. కానీ మా వీధిలో చాలామంది ఇక పిల్లలు బాగుపడతారన్నారు. ఆ తర్వాత ఏడాదిన్నర తిరిగి కొన్ని నెలలకే మా కోనసీమలో జరిగింది మాకందరికీ తెలుసు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడతామని ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న ఆ పేరు వద్దన్నవాళ్ళ గొడవలో అమలాపురం తగలబడింది. అప్పటి మంత్రి పినిపె విశ్వరూప్ ఇల్లు కాలింది. అప్పటి ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇల్లు కాలింది. బస్సులు కాలాయి. పోలీసులకి రాళ్ళ దెబ్బలు తగిలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసుకునే మా బంధువుల అబ్బాయి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళి పనిచేసుకుని వచ్చేవాడు.

ఆ రోజు వీడియోల్లో చూసిన మొహాల్లో ఎక్కువ భాగం కుర్రాళ్ళవే. ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ వయసు వాళ్ళు. మా పాత కస్టమర్ల తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు అయి ఉంటారు. ఆ కుర్రాళ్ళకి రాయి పట్టుకోవడం ఏ గేమ్ నేర్పింది? ఒక మనిషి పేరు, అదీ ఈ దేశానికి రాజ్యాంగం రాసిన మనిషి పేరు, మన జిల్లా బోర్డు మీద ఉంటే మనకేదో పోతుందని వాళ్ళకి ఎవరు చెప్పారు? వాట్సాప్ గ్రూపుల్లో సందేశాలు తిరిగాయని పోలీసులే చెప్పారు. ఆ సందేశాలు రాసే భాష ఆ కుర్రాళ్ళు అన్నం తినేటప్పుడు ఇంట్లో వింటూ పెరిగిన భాషే. కేసుల్లో ఇరుక్కుంది మాత్రం కుర్రాళ్ళు. వాళ్ళ అమ్మలు కోర్టు దగ్గర, సబ్‌జైలు దగ్గర నిలబడ్డారు. పాస్‌పోర్టు రాదేమో, ఉద్యోగం రాదేమో అన్న భయంతో ఆ ఇళ్ళు ఎలా గడిపాయో నేను దగ్గర్నుంచి చూశాను. ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం ఉంది, జాలి కూడా ఉంది. తమ ఇల్లు కాలుతుంటే పిల్లల్ని పట్టుకుని బయటికి పరిగెత్తిన వాళ్ళని తలుచుకుంటే ఆ జాలి నిలవదు. నిలవకపోవడమే సరైందని కూడా అనిపిస్తుంది.

ఈ మాట చెప్తే ఒక పెద్దాయన నాతో, "అయితే మన సంక్రాంతి కోడిపందాల సంగతేంటి? వాటిని కూడా అంటావా?" అన్నారు. నేను వాటి మధ్యే పెరిగాను. డేగ, కాకి, నెమలి అని రంగు చూసి పేరు చెప్పడం అక్షరాల కంటే ముందు నేర్చుకున్నాను. భోగి రోజున మా నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని బరి చూపించేవారు. కత్తి కట్టిన కోడి ఎగిరిందంటే అయిదు సెకన్లలో అయిపోతుంది. ఇసుక మీద నెత్తురు, చుట్టూ నోట్ల కట్టలు, అరుపులు. పందాలు చూసిన పిల్లలు రేపు కత్తులు పడతారని నేను అనను. అలా అంటే గేమ్ మీద వేసే నిందకీ దానికీ తేడా ఉండదు. లక్షల మంది చూశారు, వాళ్ళలో దాదాపు అందరూ ఈగకి కూడా హాని చెయ్యని మనుషులు. నేను అడిగేది వేరే. తెర మీద రంగు బొమ్మ పడిపోతే పిల్లాడి మనసు పాడవుతుందని భయపడే మనం, నిజమైన ప్రాణి నిజంగా చచ్చిపోవడాన్ని నాలుగేళ్ళవాడికి భుజమెక్కించి ఎందుకు చూపిస్తున్నాం? 1960 నుంచి చట్టం వద్దంటున్నా ఎందుకు మానలేదు? ఎందుకంటే అక్కడ బరి చుట్టూ ఉన్నది మనమే. ఫోన్లో ఉన్న ఆటని ఎక్కడో ఎవరో తయారు చేశారు, దాన్ని ఎంత తిట్టినా మనకి తగలదు.

పిల్లల్ని కొట్టడం సంగతి కూడా ఇంతే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బళ్ళో పిల్లల్ని కొట్టకూడదని, మనసు గాయపడేలా వేధించకూడదని చెబుతోంది. అయినా మా వైపు హాస్టల్లో పిల్లాణ్ణి చేర్చేటప్పుడు, "వీడు మీ వాడు సార్, కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి" అని చెప్పే తండ్రుల్ని నేను ఎంతమందిని విన్నానో. దెబ్బ తిన్నవాడు మాట వింటాడన్న పాఠం ఆ పిల్లాడికి పదేళ్ళు చెప్పి, పదహారో ఏట వాడు ఇంకొకడి మీద ఆ పాఠం వాడితే ఆశ్చర్యపోతున్నాం.

గేమ్‌ల వల్ల ఏ నష్టమూ లేదని నేను అనడం లేదు. రాత్రి రెండు దాకా ఆడి పొద్దున్న క్లాసులో తూగే పిల్లలున్నారు. ఫోన్ లాక్కుంటే ఇంట్లో వస్తువులు పగలగొట్టిన పిల్లల ఇళ్ళు నాకు తెలుసు. ఆట మీద అదుపు తప్పి చదువు, తిండి, నిద్ర అన్నీ వెనక్కి పోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే జబ్బుల జాబితాలో చేర్చింది. అలాంటి పిల్లల్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంకా ఘోరమైంది డబ్బు పెట్టి ఆడే ఆట. ఆన్‌లైన్ రమ్మీలో చేను తాకట్టు పెట్టిన మనుషుల్ని చూశాం. వాళ్ళు పిల్లలు కూడా కాదు, తండ్రులు. మన రాష్ట్రం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి దాన్ని నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ రెండూ మంచి పనులే. కానీ నిద్ర చెడగొట్టేదాన్నీ జేబు ఖాళీ చేసేదాన్నీ ఇంకొకడి తల పగలగొట్టేదాన్నీ ఒకే పేరుతో పిలిస్తే మూడింటికీ మందు దొరకదు.

ఇక ఆ ఆదివారం సంగతి. ఫోన్ నా చేతికిచ్చాక, కుర్రాణ్ణి కూడా పిలవమన్నాను. వాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆఖరిసారి ఎప్పుడు ఆడావురా అంటే, పరీక్షల ముందు అన్నాడు. తెరిచి చూస్తే నిజమే, మూడు వారాలుగా ముట్టుకోలేదు. మరి ఈ మూడు వారాలు దేంట్లో ఉన్నావు అన్నాను. తండ్రి వైపు ఓసారి చూసి, వాడే వాట్సాప్ తీసి ఒక గ్రూపు చూపించాడు. గ్రూపు పేరులోనే వాళ్ళ కులం పేరు ఉంది, పక్కన సింహం బొమ్మ. కుర్రాళ్ళ ఫోటోలు, బైకుల ఫోటోలు, అవతలివాళ్ళ మీద ఇక్కడ రాయలేని మాటలు. గురువారం రాత్రి వచ్చిన ఒక వాయిస్ మెసేజ్ వాడే నొక్కాడు. "మన పిల్లని వాడు పేరు పెట్టి పిలిచాడంట, మీరేం చేస్తున్నార్రా? గాజులు తొడుక్కున్నారా?" అని ఉంది.

అది పిల్లాడి గొంతు కాదు. మా తమ్ముడు తల దించుకున్నాడు. అది ఎవరి గొంతో చెప్పడానికి ఆయనకి చాలా సేపు పట్టింది. ఆయన బావమరిదిది, అంటే కుర్రాడి మేనమామది. పండక్కి బట్టలు పెట్టే మేనమామ. "వాడి నోరే అంత అన్నయ్యా, మనసులో ఏమీ ఉండదు" అన్నాడు కాసేపటికి. నేను, "మనసులో ఏమీ లేకపోవచ్చు. నాలుగు కుట్లు మాత్రం పడ్డాయి" అన్నాను. కుర్రాడు అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు. రెండు రోజులుగా ఎవరూ వాణ్ణి ఎందుకు కొట్టావని అడగలేదట. అందరూ ఏ ఆట ఆడుతున్నావనే అడిగారట.

బళ్ళో మళ్ళీ కూర్చుని ఆ మెసేజ్ సంగతి చెప్పమన్నాను. మా తమ్ముడు చూద్దాంలే అన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు. ఇంట్లో ఆడవాళ్ళ పుట్టింటి వ్యవహారం, నేను అంతకంటే ఒత్తిడి చెయ్యలేకపోయాను. కానీ గేమ్ మాత్రం తియ్యలేదు. తీసేసి ఇస్తే పని అయిపోయిందని ఆయన తృప్తిగా వెళ్ళిపోతాడు. ఆ తృప్తి నా చేత్తో ఇవ్వడం ఇక నా వల్ల కాదు.

ఆ సాయంత్రమే మలికిపురం వెళ్ళాను. 2006లో చెయ్యి విరిగిన ఆ కుర్రాడికి ఇప్పుడు అక్కడ మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఎముక సరిగ్గా అతుక్కోలేదు. మోచెయ్యి పూర్తిగా చాపడం రాదు. ఆర్మీ సెలక్షన్స్‌కి వెళ్ళాలని రోజూ పొద్దున్నే లాకుల దాకా పరిగెత్తేవాడు, ఆ చెయ్యితో ఆ ఆశ పోయింది. ఇరవై ఏళ్ళుగా కనిపిస్తే పలకరిస్తూనే ఉన్నాను. ఆ పంచాయతీ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

షాపులో ఇద్దరు ముగ్గురు ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా కూర్చున్నాను. తర్వాత చెప్పాను. ఆ రాత్రి అన్నయ్య అన్న మాట నేను విన్నానని, పెద్దలు అడిగినప్పుడు ఆటలోనే గొడవ అని అబద్ధం చెప్పానని. అతను చేతిలో ఉన్న ఫోన్ స్క్రూ తిప్పుతూనే విన్నాడు.

"నాకు తెలుసండి" అన్నాడు. "నేనూ ఆ రాత్రి అక్కడే కూర్చున్నాను కదా. మర్నాడు మిమ్మల్ని నిలబెట్టి అడిగినప్పుడు మా నాన్న, నేను మీ వైపే చూశాం. మీరు చెప్తారనుకున్నాం."

ఆ తర్వాత నేనేమీ మాట్లాడలేకపోయాను. అతను బడ్డీ కుర్రాణ్ణి కేకేసి నాకు టీ తెప్పించాడు. షట్టర్ దించే టైమ్ దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.